కింది ప్రింటరు పైకి కనిపించదు, పై ఫోల్డరు కింద తెరుచుకోదు – ఒకే ఇంట్లో రెండు సబ్‌నెట్‌లు

కొబ్బరిమట్ట:
అందరికీ నమస్కారం. ఇంట్లో నెట్ ఇలా ఉంది.

కింద: ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా, 192.168.1.1. దాని వైఫైలో నాన్నగారి ల్యాప్‌టాప్ (విండోస్ 11), బ్రదర్ లేజర్ ప్రింటర్ (192.168.1.50), కెమెరాల డీవీఆర్, పక్క పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల ఫోన్లు.

పైన: విడిగా కొన్న రౌటర్. కింది డబ్బా ల్యాన్ పోర్టు (ఇంటి పరికరాల వైపుది) నుంచి కేబుల్ వచ్చి దీని వ్యాన్ పోర్టులోకి (బయటి నెట్ వైపుది) వెళ్తుంది. దీనికి కింది నుంచి వచ్చిన అడ్రస్ 192.168.1.2. పైన అన్నిటికీ 192.168.0 సిరీస్. అంటే కింద ఒక సబ్‌నెట్ (విడి అడ్రస్‌ల నెట్‌వర్క్), పైన ఇంకోటి. డెస్క్‌టాప్ 192.168.0.10, విండోస్ 11 ప్రో, అందులో షేర్ చేసిన ఫోల్డర్ ఒకటి ఉంది.

రెండు పనులు కావాలి. పై డెస్క్‌టాప్ నుంచి కింది ప్రింటర్‌కి ప్రింట్ వెళ్లాలి. కింది ల్యాప్‌టాప్‌లో పై ఫోల్డర్ తెరుచుకోవాలి. ఇప్పుడు నెట్‌వర్క్ ఐకాన్ నొక్కితే ఒకదానికొకటి కనిపించవు. ల్యాప్‌టాప్ నుంచి \\192.168.0.10 కొడితే 80070035 ఎర్రర్. ఫైర్‌వాల్ ఆపి చూసినా అంతే.

స్విచ్చుబోర్డు:
సింపుల్ బాస్. రెండు పీసీల్లోనూ సబ్‌నెట్ మాస్క్ 255.255.0.0 పెట్టెయ్. 192.168తో మొదలయ్యేవన్నీ ఒకే నెట్‌వర్క్ అయిపోతాయి.

పోర్టు445:
స్విచ్చుబోర్డు గారూ, ఇది చెయ్యకూడదండీ, పైగా ఉన్న సమస్య ఇంకో రూపంలో వస్తుంది. మాస్క్ పెద్దది చెయ్యగానే ల్యాప్‌టాప్‌కి 192.168.0.10 పక్కింట్లో ఉన్నట్టు అనిపిస్తుంది. రౌటర్‌ని అడగడం మానేసి, "0.10 ఎవరు?" అని ఏఆర్‌పీ కేక నేరుగా తన కేబుల్ మీదే వేస్తుంది. ఆ కేక రౌటర్ దాటదు, కాబట్టి జవాబు రాదు. మాస్క్ పీసీ నమ్మకాన్ని మార్చుతుందే తప్ప మధ్యలో ఉన్న రౌటర్‌ని మాయం చెయ్యదు.

కొబ్బరిమట్ట గారూ, పై డెస్క్‌టాప్ నుంచి 192.168.1.50కి పింగ్ వెళ్తోందా? బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే ప్రింటర్ సెట్టింగుల పేజీ వస్తోందా?

కొబ్బరిమట్ట:
వెళ్తోంది. పేజీ కూడా వచ్చింది! మరి ప్రింటర్ యాడ్ చేస్తే ఎందుకు దొరకట్లేదు?

పోర్టు445:
అక్కడే అందరూ పడిపోయేది. *కనిపించకపోవడం* వేరు, *అందకపోవడం* వేరు. మీకు రెండూ ఉన్నాయి, కానీ చెరో వైపున.

కనిపించడం అనేది కేకలతో నడిచే వ్యవహారం. విండోస్ నెట్‌వర్క్ ఐకాన్ కింద పేర్లు తెచ్చేది డబ్ల్యూఎస్-డిస్కవరీ (యూడీపీ 3702, 239.255.255.250 అనే మల్టీకాస్ట్ అడ్రస్). పాతకాలం నెట్‌బయాస్ అయితే యూడీపీ 137, 138 బ్రాడ్‌కాస్ట్. ఎయిర్‌ప్రింట్, మొబైల్ ప్రింటింగ్ వాడేది ఎండీఎన్‌ఎస్ (యూడీపీ 5353, 224.0.0.251). ఇంటి రౌటర్ వీటిలో ఏదీ ఒక సబ్‌నెట్ నుంచి ఇంకోదానికి దాటించదు. అది లోపం కాదు, దాని పనే అది. అందుకే ఎన్ని గంటలు వెతికినా ప్రింటర్ పేరు రాదు.

అందడం అనేది రూటింగ్. పై నుంచి కిందికి: డెస్క్‌టాప్ తన రౌటర్‌ని అడుగుతుంది, రౌటర్‌కి 192.168.1 సిరీస్ తన వ్యాన్ వైపే ఉందని తెలుసు, నాట్ చేసి (తన 1.2 అడ్రస్ తగిలించి) పంపిస్తుంది. ప్రింటర్‌కి అది 1.2 నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది, జవాబు అక్కడికే ఇస్తుంది. పని అయిపోతుంది.

కింది నుంచి పైకి: ల్యాప్‌టాప్ 192.168.0.10 కోసం ఫైబర్ డబ్బాని అడుగుతుంది. దానికి ఆ సిరీస్ ఎక్కడుందో తెలీదు. తెలియని అడ్రస్ అంతా బయటికే అనుకుని ఫైబర్ వాళ్ల వైపు తోసేస్తుంది. మీ ప్యాకెట్ అక్కడ చస్తుంది, మీకు 80070035 మిగులుతుంది. ఫైర్‌వాల్ ఆపినా లాభం లేనిది అందుకే, ప్యాకెట్ అసలు డెస్క్‌టాప్ దాకా రాలేదు. ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసెయ్యండి.

తీగలమావయ్య:
ప్రింటర్ సంగతి ముందు తెమల్చుదాం, పది నిమిషాల పని.

ముందు ప్రింటర్ అడ్రస్ కదలకుండా కట్టెయ్యాలి. ఫైబర్ డబ్బాలో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ (కొన్నిటిలో "స్టాటిక్ డీహెచ్‌సీపీ", "ఐపీ–మ్యాక్ బైండింగ్" అని ఉంటుంది) పెట్టు. ప్రింటర్ ప్యానెల్‌లోనే స్టాటిక్ పెడితే మాత్రం గేట్‌వే (తన సబ్‌నెట్ దాటడానికి అడగాల్సిన రౌటర్ అడ్రస్) ఖాళీగా వదలొద్దు. 0.0.0.0 ఉంటే ప్రింటర్ తన సబ్‌నెట్ వాళ్లకి జవాబిస్తుంది, బయటి వాళ్లకి ఇవ్వలేదు. నీ కేసులో నాట్ ఉంది కాబట్టి ఆ తప్పు బయటపడదు. రేపు నాట్ తీసేసిన రోజున "నిన్నటిదాకా పనిచేసింది" అంటావు.

తర్వాత విండోస్‌లో: ప్రింటర్స్ అండ్ స్కానర్స్, యాడ్ డివైస్, కాసేపు వెతకనిస్తే "యాడ్ మాన్యువల్లీ" అని వస్తుంది. "ఐపీ అడ్రస్ ద్వారా" అనేది తీసుకో. డివైస్ టైప్ దగ్గర ఆటోడిటెక్ట్ వదిలెయ్యకుండా టీసీపీ/ఐపీ డివైస్ ఎంచుకో. ఆటోడిటెక్ట్ ఒక్కోసారి డబ్ల్యూఎస్‌డీ పోర్టు తయారుచేస్తుంది, అది మళ్లీ కేకల మీదే బతుకుతుంది. హోస్ట్‌నేమ్ దగ్గర 192.168.1.50. ప్రోటోకాల్ దగ్గర "రా" అనే ఆప్షన్, పోర్టు 9100. డ్రైవర్ ముందే బ్రదర్ సైట్ నుంచి దించుకుని పెట్టుకో.

కొబ్బరిమట్ట:
అలాగే చేశాను మావయ్య గారూ. టెస్ట్ పేజీ వచ్చింది! కానీ సెట్టింగుల్లో ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని చూపిస్తోంది. కొన్నిసార్లు ప్రింట్ వస్తోంది, కొన్నిసార్లు క్యూలో ఉండిపోతోంది.

తీగలమావయ్య:
ఎస్‌ఎన్‌ఎంపీ. విండోస్ ఆ పోర్టు మీద యూడీపీ 161తో "బతికున్నావా" అని ప్రింటర్‌ని అడుగుతుంటుంది. జవాబు రాకపోతే 9100 తెరిచే ఉన్నా ఆఫ్‌లైన్ అని రాసేస్తుంది. ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ ట్యాబ్, కాన్ఫిగర్ పోర్ట్, అడుగున "ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్" టిక్ తీసెయ్. క్యూలో ఉన్నవి క్యాన్సిల్ చేసి, ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఒకసారి రీస్టార్ట్ చెయ్.

టిక్ తీస్తే పేపర్ అయిపోయింది, టోనర్ తక్కువుంది లాంటి కబుర్లు డెస్క్‌టాప్‌కి రావు. మెట్లు దిగి చూసుకోవాల్సిందే.

కొబ్బరిమట్ట:
టిక్ తీశాక సాఫీగా ఉంది. ఇప్పుడు ఫోల్డర్ సంగతి. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత సబ్‌నెట్ లేకుండా కింది నెట్‌వర్క్‌నే పైకి అందించేలా) మార్చెయ్యమని చాలాచోట్ల చదివాను. అలా చేస్తే అద్దెవాళ్ల ఫోన్లు, మా పీసీలు ఒకే నెట్‌వర్క్‌లోకి వస్తాయి కదా? అది ఇష్టం లేదు.

పోర్టు445:
ఆ కారణం లేకపోతే నేనూ మొదట అదే చెప్పేవాణ్ణి. చదివే మిగతావాళ్ల కోసం: విడదీయాల్సిన అవసరం ఏమీ లేని ఇంట్లో రెండు సబ్‌నెట్‌లు ఉంచుకోవడం ఊరికే తలనొప్పి. రౌటర్ మెనూలో ఆపరేషన్ మోడ్ ఉంటే యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. లేకపోతే దాని ల్యాన్ అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్ వ్యాన్‌లోంచి పీకి ల్యాన్ పోర్టులో పెట్టండి. ఆ అడ్రస్ డబ్బా పంచే రేంజ్‌లో లేకుండా చూసుకోండి. అంతే. మెష్ సెట్లకీ ఇదే వర్తిస్తుంది, వాటిని రౌటర్ మోడ్‌లోనే బిగించేసి వెళ్తుంటారు. పీసీ అడ్రస్‌లో చుక్కల మధ్య మూడో సంఖ్య చూస్తే ఎవరి కింద ఉన్నారో తెలిసిపోతుంది: 29 అయితే జియో ఫైబర్ డబ్బా, 68 అయితే టీపీ-లింక్ డెకో, 86 అయితే గూగుల్ వైఫై, 88 అయితే మైక్రోటిక్, ఇవన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులు.

కొబ్బరిమట్ట గారి కేసులో విడదీయడానికి న్యాయమైన కారణం ఉంది. కాబట్టి రెండు దారులు: స్టాటిక్ రూట్ (ఆ సిరీస్ ఎటు ఉందో చేత్తో రాసిపెట్టడం), లేదా పోర్ట్ ఫార్వర్డ్ (రౌటర్ ఒక పోర్టుకి వచ్చినదాన్ని లోపలి ఒక పీసీకి అందించడం).

చెరువుకట్ట:
స్టాటిక్ రూటే శుద్ధమైన పద్ధతి. పై రౌటర్‌లో నాట్ ఆపి, కింది డబ్బాలో ఒక రూట్ రాయండి: డెస్టినేషన్ 192.168.0.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2. అటూ ఇటూ అన్నీ అందుతాయి.

పోర్టు445:
కాగితం మీద శుద్ధమే. ఇంటి డబ్బాల దగ్గరికొచ్చేసరికి మూడు చోట్ల తంతుంది.

ఒకటి, చాలా ఫైబర్ డబ్బాల్లో కస్టమర్ లాగిన్‌కి రూటింగ్ పేజీయే ఉండదు. రెండు, రూట్ రాయనిచ్చినా కొన్ని డబ్బాలు తమ సొంత సిరీస్‌కి మాత్రమే నాట్ చేస్తాయి. 192.168.0 నుంచి వచ్చినదాన్ని అలాగే బయటికి పంపుతాయి, పైన ఇంటర్నెట్ మొత్తం ఆగిపోతుంది.

మూడోది పట్టుకోవడం కష్టం. ల్యాప్‌టాప్ (192.168.1.35 అనుకుందాం) నుంచి డెస్క్‌టాప్‌కి వెళ్లేది ఫైబర్ డబ్బా మీదుగా వెళ్తుంది. తిరుగు జవాబు మాత్రం పై రౌటర్ నుంచి *నేరుగా* ల్యాప్‌టాప్‌కి వస్తుంది, ఇద్దరూ 192.168.1లోనే ఉన్నారు కదా. డబ్బా ఫైర్‌వాల్‌కి సంభాషణలో ఒక గొంతే వినపడుతుంది. దొంగ ప్యాకెట్ అనుకుని కోసేస్తుంది. లక్షణం ఏంటంటే పింగ్ బ్రహ్మాండంగా వెళ్తుంది, ఫోల్డర్ మాత్రం వేలాడుతుంది. మందు: రూట్‌ని డబ్బాలో కాకుండా ల్యాప్‌టాప్‌లోనే రాయడం. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చెయ్యాలి):

రూట్ -పి యాడ్ 192.168.0.0 మాస్క్ 255.255.255.0 192.168.1.2

"-పి" లేకపోతే రీస్టార్ట్‌తో పోతుంది. అప్పుడు రాకపోకలు రెండూ పై రౌటర్ మీదుగానే. కానీ పై రౌటర్ ఫైర్‌వాల్ కూడా వ్యాన్ నుంచి లోపలికి రానివ్వాలి, అది విడిగా తెరవాలి. మామూలు ఇంటి రౌటర్లలో అలాంటి మీట ఉండదు, నాట్ ఆపే మీట కూడా చాలావాటిలో కనపడదు.

చెరువుకట్ట:
మూడోది ఒప్పుకుంటాను. నేను చెప్పింది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో వేసుకునే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్), మైక్రోటిక్ లాంటివి దృష్టిలో పెట్టుకుని.

పోర్టు445:
సరే, అయితే పోర్ట్ ఫార్వర్డ్. కొబ్బరిమట్ట గారూ, ఇది పై రౌటర్‌లో మాత్రమే చెయ్యాలి. కింది ఫైబర్ డబ్బాలో 445 (విండోస్ ఫోల్డర్ షేరింగ్, అంటే ఎస్‌ఎంబీ, వాడే పోర్టు) ఎప్పుడూ తెరవకండి. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ పోర్టు మీదే. పై రౌటర్‌కి "బయట" అంటే మీ కింది అంతస్తే, అందుకే ఇక్కడ పర్వాలేదు.

1. పై రౌటర్ వ్యాన్ అడ్రస్ 192.168.1.2, ల్యాప్‌టాప్ 192.168.1.35, ఈ రెండిటినీ కింది డబ్బాలో రిజర్వ్ చెయ్యండి. డెస్క్‌టాప్ 192.168.0.10ని పై రౌటర్‌లో రిజర్వ్ చెయ్యండి.

2. పై రౌటర్‌లో వర్చువల్ సర్వర్ లేదా పోర్ట్ ఫార్వర్డింగ్: బయటి పోర్టు 445, లోపలి అడ్రస్ 192.168.0.10, లోపలి పోర్టు 445, టీసీపీ. 137, 138, 139 అక్కర్లేదు.

3. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అయి ఉండాలి. ఆ తర్వాతే అసలు మెలిక. ఫైల్ షేరింగ్ కోసం విండోస్ ఫైర్‌వాల్‌లో ఉండే ఇన్‌బౌండ్ రూల్ ప్రైవేట్ ప్రొఫైల్‌లో "లోకల్ సబ్‌నెట్" వాళ్లనే రానిస్తుంది. ఫార్వర్డ్ అయి వచ్చిన ప్యాకెట్ మీద మూలం 192.168.1.35 అనే ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కి లోకల్ కాదు. తలుపు తెరిచినా గడప దగ్గర ఆగిపోతుంది. అడ్వాన్స్‌డ్ ఫైర్‌వాల్ తెరిచి, ఇన్‌బౌండ్ రూల్స్‌లో "ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ – ఎస్‌ఎంబీ ఇన్" ప్రైవేట్ రూల్ పట్టుకుని, స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ అడ్రస్‌ల జాబితాకి 192.168.1.35 చేర్చండి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో "రెస్ట్రిక్టివ్" అనే పేరుతో ఇంకో గ్రూప్ కనిపిస్తుంది, అమల్లో ఉన్నది ఏదో చూసి దాంట్లో మార్చండి. మొత్తం 192.168.1.0/24 (కింది సిరీస్ అంతా) రాయకండి. ఒక్క అడ్రస్ రాస్తే అద్దెవాళ్ల ఫోన్లకి ఆ తలుపు ఉన్నట్టే తెలీదు.

4. డెస్క్‌టాప్‌లో నాన్నగారి పేరిట పాస్‌వర్డ్ ఉన్న లోకల్ యూజర్ ఒకటి తయారుచేసి, ఫోల్డర్ షేరింగ్ పర్మిషన్‌లోనూ సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఆ యూజర్‌ని పెట్టండి. రెండిట్లో ఏది బిగువైతే అదే చెల్లుతుంది. పిన్ నంబరు ఇక్కడ చెల్లదు. గెస్ట్‌గా తెరుద్దామనుకోకండి, 24హెచ్2 ప్రోలో గెస్ట్ లాగిన్, సైన్ చెయ్యని కనెక్షన్ రెండూ మొదటి నుంచే బంద్.

5. ల్యాప్‌టాప్‌లో కొట్టాల్సింది \\192.168.1.2. 0.10 కాదు! సగం మంది ఇక్కడే తప్పు కొడతారు.

స్విచ్చుబోర్డు:
అన్నా, పైన రెండు పీసీలుంటే? 445 ఒక్కదానికే పోతుందిగా.

పోర్టు445:
అవును. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 24హెచ్2 ఉంటే రెండో పీసీకి బయటి పోర్టు 4450, లోపలి పోర్టు 445 అని ఫార్వర్డ్ రాసి, నెట్ యూజ్ కమాండ్‌కి టీసీపీపోర్ట్ ఆప్షన్‌లో 4450 ఇవ్వొచ్చు. అంతకు ముందు వెర్షన్లలో 445 తప్ప వేరేది అడగనివ్వదు.

కొబ్బరిమట్ట:
అంతా చేశాను. ఇప్పుడు 80070035 పోయింది, యూజర్‌నేమ్ అడుగుతోంది. ఇస్తే తప్పు అంటోంది, ఎర్రర్ 1326.

తీగలమావయ్య:
అయితే నెట్‌వర్క్ గెలిచినట్టే. 53 (నీ 80070035 అదే, చివరి 35 హెక్స్‌లో రాసిన 53) అంటే దారి లేదు. 1326 అంటే దారి ఉంది, పేరో పాస్‌వర్డో తప్పు. 5 అంటే పేరు సరే, ఫోల్డర్ పర్మిషన్ లేదు. 1272 అంటే గెస్ట్‌ని గెంటేసింది. 1219 అంటే అదే మెషీన్‌కి వేరే పేరుతో ముందే లాగిన్ అయి ఉన్నావు. పింగ్ రాకపోతే కంగారు పడకు, మనం ఫార్వర్డ్ చేసింది 445 ఒక్కటే. పరీక్షకి పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి 192.168.1.2, పోర్ట్ 445 ఇస్తే ట్రూ వస్తే చాలు.

నీ 1326కి: పేరు ఒక్కటే కొడితే ల్యాప్‌టాప్ తన సొంత ఖాతా అనుకుంటుంది. డెస్క్‌టాప్ మెషీన్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు, ఇలా పూర్తిగా కొట్టు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో 192.168.1.2 కింద పాత ఎంట్రీ ఉంటే ముందు తీసెయ్.

కొబ్బరిమట్ట:
తెరుచుకుంది!! చాలా థ్యాంక్సండీ. సినిమా ఫైల్ ఒకటి 4 జీబీ కాపీ చేస్తే సెకనుకి 11 ఎంబీ వస్తోంది. కింద డబ్బాకి ల్యాప్‌టాప్ కేబుల్‌తో కలిపినా అంతే.

చెరువుకట్ట:
11 అంటే మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు. పై రౌటర్ వ్యాన్ పోర్టు అదే అయ్యుంటుంది, చవక మోడళ్లలో వ్యాన్, ల్యాన్ అన్నీ 100వే. లేదా అంతస్తుల మధ్య కేబుల్‌లో నాలుగు జతల్లో రెండే క్రింప్ అయ్యాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. రౌటర్ గిగాబిట్‌దే అయితే జాక్ విప్పి చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే 110 దాకా వెళ్తుంది.

కొబ్బరిమట్ట:
జాక్‌లో నాలుగు తీగలే ఉన్నాయి, నిజమే. ఆదివారం మార్పిస్తాను.

కానీ ఇవాళ ల్యాప్‌టాప్‌లో మళ్లీ తెరుచుకోవట్లేదు. నిన్న రాత్రి వరకు బాగుంది. ఏమీ మార్చలేదు.

పోర్టు445:
ల్యాప్‌టాప్ అడ్రస్ ఇప్పుడెంతుంది? 1.35 ఉందా?

కొబ్బరిమట్ట:
192.168.1.41. రిజర్వ్ చేశానే!

పోర్టు445:
రిజర్వేషన్ మ్యాక్ అడ్రస్‌ని (వైఫై, కేబుల్ కార్డులకి విడివిడిగా ఉండే హార్డ్‌వేర్ నంబరు) పట్టుకుని ఇస్తుంది. ల్యాప్‌టాప్ వైఫై సెట్టింగుల్లో "ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్" దగ్గర "చేంజ్ డైలీ" ఉంటే రోజుకో ముఖంతో వస్తుంది, డబ్బాకి అది కొత్త మనిషి. మీ ఇంటి వైఫై పేరుకి ఆ ఆప్షన్ ఆఫ్ చేసి, అప్పుడు కనిపించే మ్యాక్‌తో రిజర్వేషన్ మళ్లీ రాయండి. కేబుల్ పెట్టినప్పుడు వచ్చేది ఇంకో మ్యాక్, దానికి వేరే అడ్రస్ రిజర్వ్ చేసి ఫైర్‌వాల్ స్కోప్‌లో అదీ చేర్చండి.

గాలిగోపురం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే ప్రింటర్‌తో స్కాన్ ఎలా? మెషీన్ మీద స్కాన్ బటన్ నొక్కితే నా పీసీ పేరు కనిపిస్తోంది, కానీ ఫైల్ రాదు.

తీగలమావయ్య:
బటన్ నొక్కితే మాట మొదలుపెట్టేది ప్రింటర్. నీ పీసీ 192.168.0 అడ్రస్‌కి యూడీపీ 54925 మీద కబురు పెడుతుంది, దారి లేదు, పోతుంది. పీసీ వైపు నుంచి మొదలుపెట్టు: కంట్రోల్ ప్యానెల్‌లో స్కానర్స్ అండ్ కెమెరాస్, బ్రదర్ స్కానర్ ప్రాపర్టీస్, నెట్‌వర్క్ సెట్టింగ్‌లో పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో మెషీన్ చూపించు. అప్పుడు పీసీలోంచి స్కాన్ వస్తుంది.

గాలిగోపురం:
వచ్చింది. ఇంకొక్కటి, పైన ఐఫోన్‌లో ప్రింటర్ కనిపించదు. ఆండ్రాయిడ్‌లో ఐపీ ఇచ్చి యాడ్ చేశాను.

చెరువుకట్ట:
ఐఫోన్‌లో ఐపీ కొట్టి యాడ్ చేసే చోటు లేదు. ప్రొఫైల్ ఫైల్ తయారుచేసి ఎక్కించాలి, లేదా ఎండీఎన్‌ఎస్ కేకని రౌటర్ చేత దాటించాలి. పై రౌటర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అయితే అవాహి అనే ఎండీఎన్‌ఎస్ ప్యాకేజీ వేసి, దాని కాన్ఫిగ్‌లో రిఫ్లెక్టర్ (ఒక వైపు కేకని రెండో వైపు తిరిగి వేసేది) ఆన్ చేసి, వ్యాన్, ల్యాన్ రెండు ఇంటర్‌ఫేస్‌లూ అనుమతించండి. ఫైర్‌వాల్‌లో వ్యాన్ వైపు యూడీపీ 5353 లోపలికి రావడానికి ఒక రూల్ కావాలి, లేకపోతే కేక వెళ్తుంది, జవాబు రాదు. పేరు తెలిశాక ప్రింట్ మామూలుగా పై నుంచి కిందికే (టీసీపీ 631) పోతుంది కాబట్టి ఇంకేమీ తెరవక్కర్లేదు.

ఒకే రెండు సబ్‌నెట్‌ల మధ్య రిఫ్లెక్టర్ ఒక్కటే ఉండాలి. రెండు పెడితే ఒకదాని కేకని ఇంకోటి తిరిగి కేకేస్తూ వైఫై అంతా దానితోనే నిండిపోతుంది.